పొయ్యి ముట్టించే ముందే సగం వంట: చైనా, థాయ్, జపాన్ ఇళ్లలో చేసుకునే మూడు రాత్రి భోజనాలు

"సోయాసాస్ కొన్నాం, చెప్పినట్టే చేశాం, అయినా నీళ్లు నీళ్లుగా వచ్చింది." "వెల్లుల్లి మాడిపోతోంది, చికెన్ మాత్రం ఉడకట్లేదు." కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇవే. రెండింటికీ కారణం ఒకటే. చేతికి అలవాటైన కూర పద్ధతిలోనే ఈ చైనా, థాయ్, జపాన్ వంటల్నీ వండుతున్నారు.

మన కూరకి ఓపిక ఎక్కువ. ఉల్లిపాయ వేగుతుంటే టమాటా తరుక్కోవచ్చు, ఉప్పు ఎక్కువైతే కాసిన్ని నీళ్లు పోసి ఇంకో ఐదు నిమిషాలు ఉడికించుకోవచ్చు. కింద చెప్పే వంటలు పొయ్యి మీద ఉండేది నాలుగు నుంచి పన్నెండు నిమిషాలు మాత్రమే. మధ్యలో సీసా మూత తీయడానికి ఆగినా వెల్లుల్లి నల్లబడుతుంది. కాబట్టి తరగడం, కొలవడం, కలపడం అన్నీ పొయ్యి ముట్టించక ముందే అయిపోవాలి. ఈ ఒక్క అలవాటు పడితే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

ఇక్కడ మూడు వంటలున్నాయి: చైనా ఇళ్లలో చేసే టమాటా గుడ్డు, థాయ్‌లాండ్ పద్ కప్రావ్, జపాన్ ఒయాకోదోన్. మూడూ అన్నంలోకే, కొలతలన్నీ ఇద్దరికి. ఈ వరుసలోనే నేర్చుకోండి. టమాటా గుడ్డు కుదరకుండా రెండోదానికి వెళ్లకండి, మంట మీద పట్టు చిక్కేది అక్కడే.

ముందుగా కావలసినవి

బాణలి: అడుగు 24 నుంచి 28 సెంటీమీటర్లున్న ఇనప మూకుడు గానీ నాన్‌స్టిక్ బాణలి గానీ చాలు. కొత్తవాళ్లకి మొదటి నెల నాన్‌స్టిక్ తేలిక. దాన్ని మాత్రం ఖాళీగా పెద్ద మంట మీద కాల్చకండి, పూత పాడవుతుంది. నూనె పోశాకే వేడి చేయండి. ఇనప మూకుడైతే ఖాళీగా కాల్చాలి. ఒక నీటి చుక్క వేస్తే అతుక్కోకుండా పాదరసం పూసలా దొర్లాలి, అప్పుడు నూనె పోయాలి.

కొలత చెంచాలు: టీస్పూన్ అంటే 5 మి.లీ., టేబుల్‌స్పూన్ అంటే 15 మి.లీ. ఇంట్లో ఉండే స్టీలు చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. సాసులతో వండేటప్పుడు ఈ తేడా నేరుగా ఉప్పులో తెలుస్తుంది. ఒక టేబుల్‌స్పూన్ సోయాసాస్‌లో దాదాపు అర టీస్పూన్ ఉప్పు ఉన్నట్టే లెక్క. ఒక కొలత చెంచాల సెట్ కొనుక్కోండి.

లైట్ సోయాసాస్: పల్చగా, ఉప్పగా ఉండేది. రుచి దీనిదే. మన కిరాణా షాపుల్లో ఎక్కువగా కనిపించేది డార్క్ సోయా. అది రంగు కోసం. ఇక్కడ ఒక టేబుల్‌స్పూన్ సోయా అన్నచోట డార్క్ పోస్తే కూర నల్లగా, కాస్త చేదుగా తయారవుతుంది. సీసా మీద పేరు చదివి కొనండి.

ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్: మూడింట్లో పద్ కప్రావ్‌కి మాత్రమే కావాలి. పక్కన చేసుకునే ఆకుకూరకీ ఆయిస్టర్ సాస్ పడుతుంది. ఆయిస్టర్ సాస్‌లో గుల్లచేపల సారం ఉంటుంది. రొయ్యలు, పీతలు, గుల్లలు పడనివాళ్లు జాగ్రత్త. శాకాహారులకి పుట్టగొడుగులతో చేసిన వెజిటేరియన్ సాస్ దొరుకుతుంది.

కార్న్‌ఫ్లోర్: చేత్తో నలిపితే కిర్రుమనే తెల్లటి పొడి. పసుపు రంగు మొక్కజొన్న పిండి ఇది కాదు. అమెరికాలో ఉన్నవాళ్లు షాపులో కార్న్ స్టార్చ్ అని అడగండి. అక్కడ కార్న్ ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండే ఇస్తారు, గ్రేవీ ముద్దగా అయిపోతుంది.

అన్నం: సోనా మసూరి బాగా సరిపోతుంది. బాస్మతి వద్దు, పలుకులు విడిపోయి సాసు పళ్లెం అడుగుకి జారిపోతుంది. ఒక కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు. కొత్త బియ్యమైతే నీళ్లు పావు కప్పు తగ్గించండి. కొత్త బియ్యం అన్నం అతుక్కుంటోందని మనం విసుక్కుంటాం, ఈ వంటలకి ఆ కొద్దిపాటి అతుకే కావాలి. అసలుదే కావాలనుకుంటే థాయ్ వంటకి జాస్మిన్ రైస్, జపాన్ వంటకి వాళ్ల పొట్టి గింజ బియ్యం తెచ్చుకోండి. అన్నం పొయ్యెక్కించాకే తరగడం మొదలుపెట్టండి, రెండూ ఒకేసారికి అందుతాయి.

ఒకటి: టమాటా గుడ్డు

చైనాలో చదువుకోవడానికి ఇల్లు వదిలి వెళ్లే పిల్లలకి ముందుగా నేర్పే వంటల్లో ఇదొకటి. పేరు వినగానే మనకి పొరటు గుర్తొస్తుంది. కానీ ఇది పొరటు కాదు. పొరటులో గుడ్డు టమాటాలో కలిసిపోయి పొడిపొడిగా అవుతుంది. ఇందులో గుడ్డు మెత్తటి పెద్ద ముక్కలుగా విడిగా కనబడాలి, చుట్టూ ఎర్రటి పల్చని గుజ్జు ఉండాలి.

కావలసినవి: గుడ్లు 4, బాగా పండిన టమాటాలు 3 (400 గ్రాములు), ఉల్లికాడలు 2, నూనె 3 టేబుల్‌స్పూన్లు, ఉప్పు ముప్పావు టీస్పూన్, పంచదార 1 నుంచి 2 టీస్పూన్లు, కార్న్‌ఫ్లోర్ 1 టీస్పూన్ (2 టేబుల్‌స్పూన్ల చల్లని నీళ్లలో కలిపి ఉంచండి).

పసుపు, కారం, కరివేపాకు వద్దు. ఒక్కసారైనా అవి లేకుండా చేసి చూడండి.

టమాటాల గురించి ఒక మాట. నాటు టమాటాల్లో రసం, పులుపు రెండూ ఎక్కువ, ఈ వంటకి అవే మేలు. పంచదార రెండు టీస్పూన్లు పడుతుంది. బెంగళూరు టమాటాలు గట్టిగా ఉంటాయి, రసం తక్కువ. అవే దొరికితే పావు కప్పు నీళ్లు దగ్గర పెట్టుకోండి, పంచదార ఒక టీస్పూన్ చాలు. తొక్క నచ్చకపోతే అడుగున కత్తితో గాటు పెట్టి, మరిగే నీళ్లలో 40 సెకన్లు ఉంచి తీయండి, చేత్తోనే ఊడొస్తుంది.

1. గుడ్లు గిన్నెలో కొట్టి పావు టీస్పూన్ ఉప్పు వేసి ఫోర్కుతో గిలకొట్టండి. ఫోర్కు పైకెత్తితే తెల్లసొన తీగలు సాగకూడదు. నలభై, యాభై సార్లు తిప్పాల్సి వస్తుంది.

2. టమాటాలు ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేయండి. ఉల్లికాడల తెల్లభాగం, ఆకుపచ్చభాగం విడివిడిగా తరగండి. ఒక ఖాళీ పళ్లెం పొయ్యి పక్కనే పెట్టుకోండి.

3. బాణలిలో 2 టేబుల్‌స్పూన్ల నూనె పోసి పెద్ద మంట మీద వేడి చేయండి. గిలకొట్టిన గుడ్డు ఒక చుక్క వేసి చూడండి. వెంటనే పొంగి పైకి తేలాలి. చుక్క అడుగునే పడి ఉంటే ఇంకా ఆగాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే.

4. గుడ్డంతా ఒకేసారి పోయండి. అంచులు బుస్సున పొంగి పూరీ అంచులా లేస్తాయి. ఐదారు సెకన్లు గరిటె పెట్టకండి. తర్వాత అంచుల్ని మధ్యలోకి నెడుతూ, పచ్చి సొనని ఖాళీ చోటికి జారనివ్వండి. కెలకకండి, నెట్టండి చాలు. పైన ఇంకా తడిగా మెరుస్తూ ఉండగానే పళ్లెంలోకి తీసేయండి. మొత్తం 30 నుంచి 40 సెకన్లు.

ఇంకా ఉడకలేదేమో అని అనుమానం వస్తుంది. పళ్లెంలో దాని వేడికే కొంత ఉడుకుతుంది, ఆఖర్న మళ్లీ బాణలిలో వేస్తాం కదా, అక్కడ మిగతాది. ఇప్పుడే పూర్తిగా ఉడికిస్తే చివరికి రబ్బరులా అవుతుంది.

5. అదే బాణలిలో మిగిలిన నూనె పోసి, ఉల్లికాడల తెల్లభాగం పది సెకన్లు వేయించండి. టమాటాలు, అర టీస్పూన్ ఉప్పు వేయండి. మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద 3, 4 నిమిషాలు. సగం ముక్కల్ని గరిటెతో నొక్కండి, సగం అలాగే వదిలేయండి. రసం రాకపోతే పక్కన పెట్టిన నీళ్లు పోయండి.

6. పంచదార వేసి రుచి చూడండి. తీపి తగలకూడదు, పులుపు మొన విరగాలి. అంతవరకే.

7. కార్న్‌ఫ్లోర్ నీళ్లు అడుగున పేరుకుని ఉంటాయి, ఒకసారి కలిపి పోయండి. అర నిమిషంలో గుజ్జు మెరుపు తేలుతుంది.

8. గుడ్డు వేసి, గరిటె అంచుతో రెండు మూడు పెద్ద ముక్కలు చేసి, అర నిమిషం తిప్పండి. ఆకుపచ్చ ఉల్లికాడలు చల్లి పొయ్యి ఆపేయండి.

కుదిరిందో లేదో ఇలా చూడండి: పళ్లెం ఒంపితే గుజ్జు మెల్లగా జారాలి. నీళ్లలా పరుగెత్తితే టమాటా ఇంకో రెండు నిమిషాలు ఉడకాల్సింది. గుడ్డు పసుపుగా, గుజ్జు ఎర్రగా రెండు రంగులూ విడిగా కనబడాలి. అంతా కలిసి నారింజ రంగుకి తిరిగి రవ్వరవ్వగా ఉందంటే నాలుగో మెట్టులో కెలికేశారన్నమాట.

గుడ్డు అడుగంటితే నూనె చాలినంత కాగలేదు, లేదా మీరు నూనె తగ్గించారు. నాలుగు గుడ్లకి ఒక్క టీస్పూన్ నూనెతో ఈ వంట రాదు. నూనె తగ్గించాలనుకునేవాళ్లు ఇంకో వంట ఎంచుకోవడం నయం.

రెండు: పద్ కప్రావ్

థాయ్‌లాండ్‌లో బజారులోనూ ఇంట్లోనూ రోజూ తినే భోజనం. కీమా, దంచిన వెల్లుల్లి, మిర్చి, చివర్లో గుప్పెడు కప్రావ్ ఆకు, పైన కరకరలాడే గుడ్డు. పద్ అంటే వేపడం. కప్రావ్ ఏమిటంటే, శాస్త్రం ప్రకారం మన తులసి జాతే. వాళ్లు కూరకి వాడే రకం వేరు, మన కోటలో పెంచే తులసి ఘాటు వేరు. మన తులసిలో లవంగం వాసన ఎక్కువ. పైగా పూజ చేసుకునే మొక్కని మాంసంలో వేయడానికి చాలా ఇళ్లలో మనసొప్పదు, ఆ ఇబ్బంది పడనక్కర్లేదు. సబ్జా గింజలు వచ్చే మొక్క ఆకు గానీ, సూపర్ మార్కెట్లో దొరికే థాయ్ బేసిల్, ఇటాలియన్ బేసిల్ గానీ వాడండి. వాసన అచ్చంగా అదే రాదు, వంట మాత్రం బాగుంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఏషియన్ షాపుల్లో హోలీ బేసిల్ అన్న పేరుతో అసలు ఆకే దొరకొచ్చు. పుదీనా, కొత్తిమీర వేస్తే అది వేరే కూర.

కావలసినవి: చికెన్ కీమా 300 గ్రాములు, వెల్లుల్లి 6 పెద్ద రెబ్బలు, సన్నటి ఘాటు మిర్చి 4 నుంచి 8 (పండువి, పచ్చివి కలిపి), ఆకు అదిమి కొలిస్తే ఒక కప్పు, గుడ్లు 2, నూనె 2 టేబుల్‌స్పూన్లు (గుడ్లు వేయించడానికి విడిగా అర కప్పు), నీళ్లు 3 టేబుల్‌స్పూన్లు.

సాసు: ఆయిస్టర్ సాస్ 1 టేబుల్‌స్పూన్, లైట్ సోయా 2 టీస్పూన్లు, ఫిష్ సాస్ 1 టీస్పూన్, డార్క్ సోయా అర టీస్పూన్, పంచదార 1 టీస్పూన్. ఇవన్నీ ఒకే గిన్నెలో ముందే కలిపేయండి. విడిగా ఉప్పు వేయొద్దు.

చికెన్ షాపులో లెగ్ బోన్‌లెస్ కీమా అని అడగండి. బ్రెస్ట్ కీమా తొందరగా ఎండిపోతుంది. ఇంటికి తెచ్చాక కీమాని కడగకండి. కడిగితే స్పంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, బాణలిలో ఆ నీళ్లన్నీ దిగి వేగడం మానేసి ఉడుకుతుంది. అలా చిందిన నీళ్లతో సింకంతా పచ్చి మాంసం క్రిములు అంటుకుంటాయి కూడా. కడగందే మనసొప్పదంటే, ముక్కలుగా తెచ్చి కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దేసి, ఇంట్లోనే కత్తితో సన్నగా కొట్టుకోండి. నిజానికి కత్తితో కొట్టిన కీమాయే దీనికి బాగుంటుంది.

1. వెల్లుల్లి, మిర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ వేస్తే ముద్దవుతుంది. ముద్ద బాణలికి అంటుకుని మాడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న అల్లం వెల్లుల్లి పేస్టు అసలు వాడకండి, ఇందులో అల్లం ఉండదు.

2. కిటికీలు తెరవండి, చిమ్నీ ఉంటే వేయండి. వేడి నూనెలో మిర్చి పడగానే గొంతు పట్టేసే ఘాటు లేస్తుంది. అపార్ట్‌మెంట్లో పొగ అలారం ఉన్నవాళ్లు ఇది మరవకూడదు. పిల్లల్ని కాసేపు వంటింట్లోకి రానివ్వకండి.

3. ముందు గుడ్లు. చిన్న మూకుడులో అర కప్పు నూనె బాగా కాచండి. గుడ్డుని ముందు గిన్నెలోకి కొట్టుకుని, నూనెకి దగ్గరగా వంచి జార్చండి. పైనుంచి వేస్తే చిందుతుంది. గరిటెతో నూనె పైన పోస్తూ ఒకటి, ఒకటిన్నర నిమిషం. అంచులు గోధుమరంగులో జల్లెడలా చిల్లులు పడి కరకరలాడాలి, తెల్లసొన ఎక్కడా వణకకూడదు. ఒక్కొక్కటిగా చేసి పక్కన పెట్టండి.

4. బాణలిలో 2 టేబుల్‌స్పూన్ల నూనె మధ్యస్థ మంట మీద వేడి చేసి, దంచినది వేసి తిప్పుతూ ఉండండి. దాదాపు ఇరవై సెకన్లలో వెల్లుల్లి లేత బంగారు రంగుకి వస్తుంది. గోధుమరంగు వచ్చేదాకా ఆగితే చికెన్ వేగేలోపు నల్లబడి చేదెక్కుతుంది. అంతవరకూ వచ్చిందా, మొహమాటపడకుండా పారేసి మళ్లీ మొదలుపెట్టండి. చేదెక్కిన వెల్లుల్లిని ఏ సాసూ కప్పిపుచ్చలేదు.

5. కీమా వేసి మంట పెద్దది చేయండి. బాణలంతా పరిచి 40 సెకన్లు కదపకండి, అడుగు వైపు రంగు రావాలి. తర్వాత గరిటెతో గడ్డలు విడగొడుతూ 3 నిమిషాలు వేయించండి. లేత గులాబీ రంగు ఎక్కడా మిగలకూడదు. వంట థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్.

6. సాసు, నీళ్లు పోయండి. ఒక నిమిషంలో చాలావరకు ఇంకిపోతుంది. ఇది గ్రేవీ కూర కాదు, అన్నంలో రెండు చెంచాల రసం దిగితే చాలు.

7. పొయ్యి ఆపేసి, ఆకు మొత్తం ఒకేసారి వేసి పది పదిహేను సెకన్లు తిప్పండి. ఆకు వాడాలి, నల్లబడకూడదు. మంట మీద ఉండగా వేసి మూత పెడితే ఆ వాసన కోసం పడ్డ శ్రమంతా ఆవిరైపోతుంది.

పక్కన నంజుకోవడానికి: 2 టేబుల్‌స్పూన్ల ఫిష్ సాస్‌లో మూడు మిరపకాయలు చక్రాల్లా తరిగి, ఒక టీస్పూన్ నిమ్మరసం పిండండి. థాయ్‌లాండ్‌లో దీన్ని ప్రిక్ నామ్ ప్లా అంటారు. గుడ్డు మీద రెండు చుక్కలు చాలు. ఫిష్ సాస్ సీసా మూత తీయగానే ఎండుచేపల వాసన కొడుతుంది, పాడైందేమోనని కంగారు పడొద్దు, వేడి తగిలాక ఆ వాసన సర్దుకుంటుంది.

మాంసం తినకపోతే ఒక కప్పు మీల్ మేకర్ పొడిని వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, చుక్క నీరు లేకుండా పిండి వాడండి. లేదా 200 గ్రాముల పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరంతా ఇంకేదాకా ముందుగా వేయించుకోండి. ఫిష్ సాస్ బదులు ఇంకో టీస్పూన్ లైట్ సోయా. పనీర్ ఇందులో నప్పదు, పాల తీపి అడ్డం వస్తుంది.

ఉల్లిపాయ, బీన్స్, క్యాప్సికం కలపొచ్చా అని అడుగుతారు. థాయ్‌లాండ్‌లోనే ఈ గొడవ ఉంది, కప్రావ్‌లో బీన్స్ ఏమిటని కోప్పడేవాళ్లూ ఉన్నారు, వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. మొదటిసారి ఏమీ కలపకండి. కూరగాయల నీరు దిగితే తప్పు ఎక్కడ జరిగిందో మీకు తెలియదు.

పక్కన ఆకుకూర కావాలంటే

తూటికూర కట్ట తెచ్చుకోండి. థాయ్‌లాండ్‌లో, చైనాలో వెల్లుల్లితో వేపుకునే గొట్టం కాడల ఆకుకూర ఇదే. కూరగాయల దుకాణంలోనే కొనండి. మురుగు కలిసే చెరువుల్లో పెరిగింది వద్దు. చెరువు గట్ల మీద లేత ఊదా పూలతో పొదలా ఎత్తుగా పెరిగే లొట్టపీసు దీని బంధువే గానీ అది విషం, పొరపాటున కూడా కోయకండి. దొరక్కపోతే పాలకూర వాడుకోవచ్చు.

250 గ్రాముల కూర శుభ్రంగా కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, కాడలు, ఆకులు వేరు చేయండి. ఒకటిన్నర టేబుల్‌స్పూన్ నూనెలో నాలుగు దంచిన వెల్లుల్లి రెబ్బలు పది సెకన్లు, కాడలు అర నిమిషం, ఆకులు, ఒక టేబుల్‌స్పూన్ ఆయిస్టర్ సాస్ వేసి ఇంకో నిమిషం. అంతా పెద్ద మంట మీదే. మూత పెట్టకండి, పెడితే రంగు చచ్చిపోతుంది.

మూడు: ఒయాకోదోన్

జపాన్ భాషలో ఒయా అంటే తల్లి లేదా తండ్రి, కో అంటే బిడ్డ. కోడి, గుడ్డు ఒకే గిన్నెలో పడతాయి కాబట్టి ఆ పేరు. దోన్ అంటే లోతైన గిన్నెలో అన్నం, పైన కూర. పెద్ద మంట, గబగబా వేపడం లేవు కాబట్టి చేయడానికి మూడింట్లో ఇదే నెమ్మదైనది. ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

కావలసినవి: ఎముక లేని లెగ్ చికెన్ 200 గ్రాములు (రెండు సెంటీమీటర్ల ముక్కలు), పెద్ద ఉల్లిపాయ ఒకటి సన్నగా నిలువుగా తరిగి, గుడ్లు 3, నీళ్లు 150 మి.లీ., లైట్ సోయా 2 టేబుల్‌స్పూన్లు, పంచదార ఒకటిన్నర టేబుల్‌స్పూన్.

జపాన్‌లో నీళ్ల బదులు దాషి అనే పల్చటి రసం పోస్తారు. సముద్రపు నాచుతో, ఎండబెట్టిన చేప తురుముతో చేస్తారు. పొడి దొరికితే ఆ నీళ్లలో అర టీస్పూన్ కలపండి. లేకపోతే రెండు ఎండు షిటాకే పుట్టగొడుగులు ఒక కప్పు చల్లని నీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెట్టి ఆ నీరు వాడండి. మిరిన్ (బియ్యంతో చేసే తియ్యటి జపాన్ వంట వైన్) ఉంటే 2 టేబుల్‌స్పూన్లు పోసి, పంచదార ఒక టేబుల్‌స్పూన్‌కి తగ్గించండి. మిరిన్‌లో ఆల్కహాల్ ఉంటుంది, వద్దనుకునేవాళ్లు పంచదారతోనే సరిపెట్టుకోవచ్చు.

1. గుడ్లు ఐదారు సార్లు మాత్రమే తిప్పండి. టమాటా గుడ్డుకి చేసినట్టు గిలకొట్టకూడదు. తెలుపు, పసుపు చారలుగా విడిగా కనబడాలి, ఇందులో అదే అందం.

2. బాణలిలో నీళ్లు, సోయా, పంచదార, ఉల్లిపాయ వేసి మధ్యస్థ మంట మీద మూడు నిమిషాలు.

3. చికెన్ ముక్కలు ఒక వరుసగా పేర్చి, మధ్యలో ఒకసారి తిప్పుతూ ఐదారు నిమిషాలు ఉడికించండి. పెద్ద ముక్క ఒకటి కోసి చూడండి, లోపల తెల్లగా ఉండాలి, కారే రసంలో ఎరుపు ఉండకూడదు. గుడ్డు వేశాక చూసే అవకాశం ఉండదు.

4. మూడొంతుల గుడ్డులో రెండొంతులు గుండ్రంగా తిప్పుతూ పోసి, మూత పెట్టి 40 సెకన్లు. మిగతాది పోసి, మంట సన్నం చేసి, మూత పెట్టి ఇంకో ఒకటిన్నర, రెండు నిమిషాలు. కలపకండి.

5. గిన్నెలో వేడి అన్నం మీదకి గరిటెతో జార్చి, రసం పైన పోయండి.

జపాన్‌లో గుడ్డుని సగం పచ్చిగానే ఉంచుతారు. అక్కడ గుడ్లు పచ్చిగా తినడానికి వీలుగా శుభ్రం చేసి, తేదీ వేసి అమ్ముతారు. మన దగ్గర ఎండలో, బయట ట్రేల్లో నిల్వ ఉన్న గుడ్లతో ఆ ప్రయోగం చేయకండి. పూర్తిగా గట్టిపడేదాకా ఉంచండి. గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవాళ్లకి వండుతుంటే మరీను.

ఎక్కువగా జరిగే తప్పులు

బాణలిలో నీళ్లు చేరడం. నలుగురికి కదా అని 600 గ్రాముల కీమా ఒకేసారి వేస్తారు. ఇంటి స్టవ్ మంటకి ఆ బరువు మొయ్యదు. బాణలి చల్లబడి, చికెన్‌లోంచి దిగిన నీళ్లు ఆవిరవ్వక అందులోనే ఉడుకుతుంది. రోడ్డు పక్క ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లో పెద్ద బర్నరు మంట మూకుడు అంచులదాకా పాకుతుంది, మన స్టవ్ అలాంటిది కాదు. నలుగురికైతే రెండు విడతలుగా చేయండి. పొరపాటు జరిగిపోతే చికెన్ గంటెతో పక్కకి తీసి, నీళ్లు పెద్ద మంట మీద ఇగరబెట్టి, చికెన్ మళ్లీ వేయండి.

ఉప్పెక్కడం. సాసులకి తోడు అలవాటుగా చిటికెడు ఉప్పు కూడా వేసేస్తారు. ఉప్పెక్కాక నీళ్లు పోస్తే వేపుడు కాస్తా పులుసవుతుంది. అన్నం ఎక్కువ పెట్టుకోండి, లేదా ఉప్పు లేకుండా వేయించిన గుడ్డు ఇంకోటి కలపండి.

వంటింటి ఇంకో భయం అజినమోటో. అక్కడి రుచి రావాలంటే అది తప్పదా అని అడుగుతారు. ఈ మూడింటికీ అవసరం లేదు. సోయా, ఆయిస్టర్, ఫిష్ సాసుల్లో, టమాటాలో కూడా అదే రుచినిచ్చే గ్లుటమేట్ ఉంటుంది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా దాన్ని వేరుచేసి చూపింది కూడా దాషిలో వాడే సముద్రపు నాచులోంచే.

ఇండక్షన్ స్టవ్ మీద గుండ్రటి అడుగున్న మూకుడు పనిచేయదు. అడుగు చదునైనదే కావాలి, నూనె వేడెక్కేవరకు నడిమి సెట్టింగులోనే ఉంచండి.

మిగిలితే

టమాటా గుడ్డు, కప్రావ్ మూతపెట్టి ఫ్రిజ్‌లో మర్నాటిదాకా ఉంచొచ్చు. తినేముందు పొగలు కక్కేలా వేడి చేయండి. ఒయాకోదోన్ మిగల్చకండి, గుడ్డు గట్టిపడి నీరు విడుస్తుంది. అన్నం గంట, రెండు గంటల్లోపు పళ్లెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా కుక్కర్లోనే వదిలేసిన అన్నంలో, ఉడికినా చావని బ్యాక్టీరియా పెరిగి విషం విడుస్తుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాడు ఫ్రైడ్ రైస్‌కి పనికొస్తుంది. పలుకు గట్టిపడి విడివిడిగా ఉంటుంది కాబట్టి వేడివేడి అన్నం కంటే అదే బాగా వేగుతుంది.

సీసాలు తెరిచాక ఆయిస్టర్ సాస్ తప్పనిసరిగా ఫ్రిజ్‌లో ఉండాలి, బయట ఉంచితే బూజు పడుతుంది. సోయా కూడా ఫ్రిజ్‌లో ఉంటే రుచి నిలుస్తుంది. ఫిష్ సాస్ మూత గట్టిగా బిగించి అలమరలో పెట్టుకోవచ్చు. మూత అంచున తెల్లటి పలుకులు కడితే అవి ఉప్పు పలుకులే, తుడిచేసి వాడుకోండి.